నలుగురు ద్వారపాలకులు

యౌవనము ఉత్సాహమునకు ఎంత నెలవో, కలతకు నంత నెలవు. పరీక్ష తప్పుట, కొలువు దొరకకుండుట, ఆత్మీయుల ఎడబాటు ఇరువదియేండ్ల వయస్సున కొండంత బరువుగా తోచును. కష్టము అందరికిని వచ్చునదే. దాని నెదుర్కొను తీరును బట్టి మనస్సు నిలుచుటయో క్రుంగుటయో జరుగుచుండును. ఈ విషయమున యోగవాసిష్ఠము మననము చేయదగినది.

పదునారేండ్లు నిండని శ్రీరాముడు తీర్థయాత్ర నుండి మరలివచ్చిన పిదప ఆహారవిహారములయందు విముఖుడై కృశింపసాగెను. దశరథుడు ఒడిలో కూర్చుండబెట్టుకొని అడిగినను, ఏమియు లేదని ఊరకుండెను. యాగరక్షణకై వచ్చిన విశ్వామిత్రుడు ఈ సంగతి విని మందలింపలేదు. సభకు రప్పించి, మనసులోని మాట చెప్పుమనెను. రాముడు తన ఆవేదన నంతయు వెల్లడించువరకు సభ సావధానముగా వినెను. అటుపిమ్మటనే వసిష్ఠుడు ఉపదేశింప నారంభించెను. రామునిది వివేకమువలన గలిగిన వైరాగ్యము. నేటి యువకుని దుఃఖము వేరు. అయినను, ముందు ఆలకించుట, పిదప బోధించుట అను క్రమము పెద్దలందరికి అనుసరణీయము.

ముముక్షువ్యవహార ప్రకరణమున వసిష్ఠుడు మోక్షద్వారమునకు శమము, విచారము, సంతోషము, సాధుసంగము అను నలుగురు ద్వారపాలకులను పేర్కొనెను. తెలుగున విచారమనగా దుఃఖమని వాడుక. ఇచట నది పరిశీలన: ఈ బాధకు మూలమేది, నా చేతిలో నున్నదేది అని తరచి చూచుట. దుఃఖమును తలపోయుట వేరు, దుఃఖమును గూర్చి విచారించుట వేరు. మొదటిది కలతను పెంచును, రెండవది దారి చూపును.

1984లో రిచర్డ్ లాజరస్, సుసాన్ ఫోక్‌మన్ అను అమెరికా మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు తమ గ్రంథమున కష్టము నెదుర్కొను తెరగులను రెండుగా వివరించిరి: సమస్యను చక్కదిద్దుట, మనస్సులోని ఉద్వేగమును చక్కబరచుకొనుట. మొదటిది విచారమునకు, రెండవది శమమునకు సన్నిహితము. మరల వ్రాయదగిన పరీక్షకు విచారము కావలెను. తిరిగిరాని ఆత్మీయునికై శమమే శరణ్యము. ఏది ఎచట తగునో ఎరుగుటయే వివేకము.

నలుగురిలో ఒక్కని ఆశ్రయించినను తక్కిన మువ్వురు వశులగుదురని వసిష్ఠుని మాట. కలతలో నున్నవానికి మనోనిగ్రహము దుస్సాధ్యము కావచ్చును. కాని తల్లితోనో, గురువుతోనో, మిత్రునితోనో నోరు విప్పుట సాధ్యమే. అదియే సాధుసంగమునకు తొలిమెట్టు. ప్రాణముపై విరక్తి కలిగినచో క్షణమైన జాగు చేయక వైద్యుని చేరవలెను. 2022లో కేంద్రప్రభుత్వము నెలకొల్పిన టెలి-మానస్ సేవను 14416 సంఖ్యపై పిలువవచ్చును. విధి కంటె పురుషప్రయత్నమునే వసిష్ఠుడు మిన్నగా కీర్తించెను. సాయము కోరుటయు పురుషప్రయత్నమే; అందు సిగ్గుపడవలసినది లేదు.