నీళ్లసీసా - విద్యార్థుల అభిప్రాయములు

నంద్యాలనుండి మహానందికిని, ఆళ్లగడ్డనుండి అహోబిలమునకును పోవు యాత్రికుల చేతులలో నేడు ప్లాస్టిక్కు నీళ్లసీసాలు విరివిగా కానవచ్చును. త్రాగిన పిదప వాని గతి యేమి? నంద్యాల కాలువలో విసరిన సీసా వానకు కొట్టుకొనిపోయి కుందూనదిని, ఆపై పెన్నను, తుదకు బంగాళాఖాతమును చేరగలదు.

ఈ సీసాను పెట్రోలియము మొదలగువానినుండి లభించు పదార్థములతో చేయుదురు. దాని అడుగున త్రికోణములో 1 అను అంకె యుండును. అది మట్టిలో కుళ్లదు. ఎండకు పెళుసై సూక్ష్మమైన తునకలగును. కాల్చినచో హానికరమగు పొగ వెడలును.

నివారణమెట్లు? అమ్మకమునే నిషేధింపవలయునని కొందఱు విద్యార్థులందురు. 2022 జూలై 1వ తేదీనుండి మన దేశమున ప్లాస్టిక్కు గ్లాసులు, పళ్లెములు, స్ట్రాలు మొదలగునవి నిషేధింపబడినవి. నీళ్లసీసాలు ఆ పట్టికలో లేవు.

ఏఱి పాతసామానులవారికి అమ్ముదమని మఱికొందఱందురు. ఇది మేలే. సీసాలను కడిగి, ముక్కలుచేసి, కరగించి, వానితో నూలుపోగులు తీయుదురు. ఏఱువారికి జీవనమును గలుగును. కాని బురదపట్టినదానికి వెల తగ్గును.

ఇంటినుండి నీరు తెచ్చుకొందమనునది మూడవ అభిప్రాయము. ఇదియే మొదట చేయదగినది. ఏలయన, కొనని సీసాను ఏఱ నక్కఱలేదు. అయితే మంచినీరు దొరకనిచోట దాహముగొన్న బాలుడు సీసా కొన్నచో వానిని నిందించుట న్యాయము గాదు. కావున పెద్దలు బడియందును బస్సుస్టాండునందును మంచినీటి వసతి కల్పింపవలయును. పిల్లలు తమ నీటిపాత్రను మఱవకుండవలయును.

అభ్యాసము: ఒక వారము మీ యింట చేరిన సీసాలను లెక్కింపుడు. మఱుసటి వారము ఆ సంఖ్యను తగ్గించి చూపుడు.