మొక్కల జన్యువుల పనితీరు నమోదు: టెయిర్, జీన్ ఆంటాలజీ

అరబిడాప్సిస్ థాలియానా ఆవాల కుటుంబానికి చెందిన చిన్న కలుపు మొక్క. దీనికి ఐదు జతల క్రోమోజోములే ఉంటాయి. విత్తిన ఆరు వారాల్లోనే మళ్లీ గింజకు వస్తుంది. పూర్తి జన్యుక్రమం వెలువడిన తొలి మొక్క ఇదే (2000 డిసెంబరు). క్రమం తెలిసినంత మాత్రాన ఏ జన్యువు ఏం చేస్తుందో తెలియదు. ఆ వివరాలను పరిశోధన పత్రాల నుంచి ఏరి ఒకచోట చేర్చే ఆన్‌లైన్ డేటాబేస్ టెయిర్, 1999లో మొదలైంది.

ఒకే పనిని ఒక్కో శాస్త్రవేత్త ఒక్కో పేరుతో రాస్తే వెతకడం అసాధ్యం. అందుకే పండ్ల ఈగ, ఎలుక, ఈస్ట్ డేటాబేస్‌లు కలిసి 1998లో జీన్ ఆంటాలజీ అనే ఉమ్మడి పదజాలాన్ని ప్రారంభించాయి. మొక్కలకూ ఇదే వాడతారు. జన్యు ఉత్పత్తి అణుస్థాయిలో చేసే పని, పాల్గొనే జీవప్రక్రియ, కణంలో ఉండే చోటు అనే మూడు కోణాల్లో వర్ణన సాగుతుంది.

ప్రతి నమోదుకూ ఆధార సంకేతం తప్పనిసరి. అభ్యర్థులు ముఖ్యంగా గుర్తుంచుకోవలసింది ఇదే. నేరుగా పరీక్షించి తేల్చితే ఐడీఏ, ఉత్పరివర్తన మొక్క లక్షణాలను బట్టి నిర్ధారిస్తే ఐఎంపీ, కంప్యూటర్ అంచనా అయితే ఐఈఏ. చివరిదాన్ని ప్రయోగ ఫలితంతో సమానంగా చూడటం పెద్ద పొరపాటు.

జన్యువు గుర్తింపు సంఖ్యలోనూ సమాచారం ఉంటుంది. ఎర్రకాంతిని గ్రహించే ఫైటోక్రోమ్-బి జన్యువు సంఖ్య ఏటీ2జీ18790. ఇందులో ఏటీ మొక్క పేరును, 2 క్రోమోజోమును, జీ జన్యువును సూచిస్తాయి.

వరికి ఇలాంటి డేటాబేస్ ర్యాప్-డీబీ. మార్టేరు వంగడం స్వర్ణకు ముంపును తట్టుకునే గుణాన్నిచ్చిన సబ్1ఏ, వరి జన్యువుల్లో పని స్పష్టంగా తెలిసినవాటిలో ఒకటి.