ఒంటికాలి స్టాండు, పొడవు లెన్సు – ఆటల ఫోటోలు తీయడం ఎలా?

మన హాస్టల్ బీరువాలో కప్పులు చాలానే ఉన్నాయి. వాటిని గెలిచినవాళ్లు ఆడుతుండగా తీసిన ఫోటోలు మాత్రం లేవు. ఉన్నవన్నీ అతిథుల పక్కన నిలబడి కప్పు అందుకుంటున్నవే. ఓడినవాళ్లకు అవి కూడా లేవు. మాలో చాలామంది ఇళ్లలో తాతల ముఖాలు చూద్దామన్నా ఒక్క ఫోటో ఉండదు. మీ విషయంలో అలా కాకూడదని మాకు తెలిసినంత ఇక్కడ రాస్తున్నాం.

ఆట జరిగేటప్పుడు మనం గీత దాటి లోపలికి వెళ్లలేం. కనుక దూరాన్ని దగ్గర చేసే పొడవు లెన్సు కావాలి. మామూలు కెమెరాకు 70-300 లెన్సు చాలు. చిక్కేమిటంటే అది మన చేతి వణుకును కూడా పెద్దది చేసి చూపిస్తుంది. అందుకే మోనోపాడ్, అంటే ఒంటికాలి స్టాండు.

మూడు కాళ్ల స్టాండు ఉండగా ఇదెందుకని అడగవచ్చు. కబడ్డీలో కూతకు వెళ్లినవాడు రెప్పపాటులో ఈ మూల నుంచి ఆ మూలకు పోతాడు. మూడు కాళ్లను సర్దేలోగా వాడు గీత తాకి వచ్చేస్తాడు. ఒంటికాలి స్టాండయితే అతనితోపాటే తిరుగుతుంది. ఆటగాడు మన మీదికి వస్తే ఎత్తుకుని పక్కకు తప్పుకోవచ్చు.

నిలబడే తీరు మన ఊళ్లో గొర్రెలు కాసే పెద్దలను చూసి నేర్చుకోవాలి. కర్ర ముందు, రెండు కాళ్లు వెనక ఎడంగా, ఒంటి బరువు కొంచెం కర్ర మీద. బరువైన లెన్సుకు కింద పట్టీ ఉంటుంది. స్టాండును కెమెరాకు కాక ఆ పట్టీకే బిగించాలి. లేకపోతే బరువంతా ముందుకు లాగుతుంది. కబడ్డీకి స్టాండు పొట్టి చేసి మోకాళ్ల మీద కూర్చోండి. వంగి ఆడేవాడి ముఖం అప్పుడే కనిపిస్తుంది.

ఇక అసలు సంగతి షట్టర్. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవంజి దీప్తి 2024లో జపాన్‌లోని కోబేలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 400 మీటర్లను 55.07 సెకన్లలో పరుగెత్తింది. అంటే సెకనుకు 7 మీటర్ల పైమాటే. అలా పరుగెత్తే మనిషి మన ఎదురుగా అడ్డంగా పోతుంటే, షట్టర్ 1/100 సెకను తెరిచి ఉన్నంతలోనే 7 సెంటీమీటర్లు జరిగిపోతుంది. ముఖం చెరిగిపోతుంది. 1/1000 పెడితే జరిగేది 7 మిల్లీమీటర్లే. స్టాండు మన చేతిని ఆపుతుందే గానీ ఆటగాడిని ఆపదు. సాయంత్రం వెలుగు తగ్గితే షట్టర్ తగ్గించకుండా ఐఎస్ఓ 1600కో, 3200కో పెంచండి. ఫోటోలో కాస్త గరుకు వచ్చినా ఫరవాలేదు, మనిషిని గుర్తుపట్టగలం.

స్టాండు కొనే స్తోమత లేదా? కెమెరా అడుగున పట్టే పావు అంగుళం పొట్టి బోల్టుకు గట్టి తాడు కట్టండి. రెండో కొసను కాలికింద తొక్కిపెట్టి, తాడు బిగిసేలా కెమెరాను పైకి లాగి పట్టుకోండి. వణుకు చాలా తగ్గుతుంది.

ఫోటోలు కడిగించాక వెనక పేరు, ఊరు, తేదీ రాసి ఎవరిది వాళ్లకు ఇవ్వండి, ముందుగా ఓడిన జట్టుకు. వచ్చే వార్షికోత్సవం ఆటలకు పూర్వ విద్యార్థులెవరైనా పొడవు లెన్సు తెస్తే, స్టాండు మా దగ్గర ఉంది.