సున్నం గోడ లెక్క

రంజాన్‌కు ముందు మసీదు గోడలకు సున్నం వేయించడం మన కేసముద్రం చుట్టుపక్కల ఊళ్లలో పాత అలవాటే. ఆ పూత ఆరడమంటే నీరు ఇగిరిపోవడం ఒక్కటే కాదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తడిసున్నంతో కలిసి కాల్షియం కార్బొనేట్ అవుతుంది. అంటే కంటికి కనబడని వాయువు గోడ మీద రాయిగా మారుతుందన్నమాట.

తరగతిలో సున్నపుతేటలోకి గొట్టంతో ఊదించి, అది పాలలా తెల్లబడటం చూపించి, "గోడకు సున్నం కొడితే గాలి శుభ్రమైనట్టే" అని మేము చెప్పాము. ఒక అమ్మాయి లేచి, "మరి సున్నం ఎక్కడి నుంచి వచ్చింది సార్?" అని అడిగింది. మేము చెప్పింది సగమేనని అప్పుడు తెలిసింది.

మరునాడు లెక్క వేశాము. 100 కిలోల సున్నపురాయిని దాదాపు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే 56 కిలోల పొడిసున్నం మిగులుతుంది, 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. ఆ సున్నమంతా గోడ మీద తిరిగి రాయి అయినా తీసుకునేది ఆ 44 కిలోలే. బట్టీలో మండించిన బొగ్గు పొగ అదనపు అప్పు.

తమిళనాడులోని తూత్తుకుడిలో ఒక రసాయన కర్మాగారం బొగ్గు బాయిలరు పొగ నుంచే ఈ వాయువును పట్టి సోడా యాష్ చేసింది. 2016లో ఏడాదికి 60,000 టన్నులు పట్టే ఏర్పాటని చెప్పారు. మంచి పనే. అయితే ఆ సోడా గాజు కొలిమిలోకి వెళితే వాయువు మళ్లీ బయటికే వస్తుంది.

ఐస్‌లాండ్‌లో వాయువును నీటిలో కరిగించి భూమిలోని బసాల్ట్ నల్లరాతిలోకి పంపారు. 95 శాతానికి పైగా రెండేళ్లలోపే రాయిగా మారిందని 2016లో ప్రకటించారు. అలాంటి నల్లరాయి మన రాష్ట్రంలో వికారాబాద్, జహీరాబాద్ వైపు ఉంది. మన కింద ఉన్నది గ్రానైట్ జాతి రాయి, దానిలో కాల్షియం, మెగ్నీషియం తక్కువ. పైగా ఆ పద్ధతిలో టన్ను వాయువుకు దాదాపు 25 టన్నుల నీరు కావాలి. ఎండాకాలం బోర్లు ఎండే మనకు ఇది చిన్న మాట కాదు.

ఇప్పుడు ఆ ప్రయోగం చేయించిన రోజు బోర్డు మీద రెండు ప్రశ్నలు రాస్తున్నాము: ఈ వాయువు ఎక్కడిది? పట్టాక ఎన్నాళ్లు ఆగుతుంది? మొన్న ఒక పిల్లవాడు వంటసోడా సంగతి అడిగాడు. పిండి పొంగేదే ఆ వాయువు బయటికి రావడం వల్ల అని చెప్పాము.