తిండి ఎందుకు ‘పడదు’?

“మా అబ్బాయికి గుడ్డు పడదు”, “మా పాపకు పాలు పడవు” అని ఇళ్లలో తరచూ వింటుంటాం. ఈ పడకపోవడం రెండు రకాలు. పాలలోని చక్కెరను అరిగించే ఎంజైమ్ తక్కువైతే కడుపు ఉబ్బరం, విరేచనాలు వస్తాయి. ఇది జీర్ణక్రియలోని ఇబ్బంది, అలర్జీ కాదు. అలర్జీ అనేది రోగనిరోధక వ్యవస్థ చేసే పొరపాటు. అది ప్రాణం మీదికి తేవచ్చు. కాబట్టి ఈ తేడా ప్రతి తల్లిదండ్రులకూ, ప్రతి ఉపాధ్యాయుడికీ తెలియాలి.

మన రోగనిరోధక కణాల్లో అధిక భాగం పేగుల్లోనే ఉంటాయి. తిండితోపాటు సూక్ష్మజీవులూ అక్కడికి చేరతాయి గనుక, ఏది ఆహారమో ఏది శత్రువో అక్కడే తేలాలి. పేగు గోడలోని డెండ్రైటిక్ కణాలు ఆహార ప్రోటీన్లను పట్టుకొని, దగ్గరలోని లింఫు గ్రంథుల్లో ఉన్న టీ-కణాలకు చూపుతాయి. మామూలుగా అక్కడ నియంత్రక టీ-కణాలు తయారై, ఆ ప్రోటీన్‌పై దాడి జరగకుండా ఆపుతాయి. ఒక విధంగా ఇది పేగు నేర్చుకునే సహనపాఠం.

కొందరిలో ఈ పాఠం తప్పుతుంది. అప్పుడు ఆ ప్రోటీన్‌కు వ్యతిరేకంగా ‘ఐజీఈ’ అనే ప్రతిరక్షకం తయారవుతుంది. పేగుల్లో, చర్మంలో, శ్వాసమార్గంలో ఉండే మాస్ట్ కణాలకు అది అతుక్కొని ఉంటుంది. ఆ దశలో పైకి ఏ లక్షణమూ కనిపించదు. తర్వాత అదే ఆహారం తిన్నప్పుడు మాస్ట్ కణాలు హిస్టమిన్ వంటి రసాయనాలను ఒక్కసారిగా వదులుతాయి. దద్దుర్లు, వాంతులు, పెదవుల వాపు, ఆయాసం వస్తాయి. తీవ్రమైతే రక్తపోటు పడిపోతుంది.

ఈ గుట్టు రక్తంలో ఉందని 1921లో జర్మనీలో తేలింది. చేపలు పడని కూస్ట్నర్ రక్తరసిని ప్రాస్నిట్జ్ తన చర్మంలోకి ఎక్కించుకున్నారు. మరునాడు అక్కడే చేప సారం ఎక్కించగా దద్దురు లేచింది. దానికి కారణమైన ఐజీఈని 1966లో ఇషిజాకా దంపతులు గుర్తించారు.

మరి అలర్జీ వస్తుందేమోనని పసివాళ్లకు కొన్ని ఆహారాలు అసలు పెట్టకపోవడం మంచిదా? లండన్‌లో అలర్జీ ముప్పు ఎక్కువగా ఉన్న 640 మంది పసిపిల్లలపై జరిపిన పరిశోధన ఫలితాలు 2015లో వెలువడ్డాయి. వేరుశనగకు దూరంగా ఉంచిన వారిలో ఐదేళ్ల వయసుకు 17.2 శాతం మందికి ఆ అలర్జీ వచ్చింది. మొదటి ఏడాదిలోనే తినడం మొదలుపెట్టిన వారిలో అది 3.2 శాతమే. అంటే తగిన వయసులో తినిపించడమే పేగుకు పాఠం. అయితే తీవ్రమైన గజ్జి తామర ఉన్న పసిబిడ్డలకు వైద్యుడిని అడిగాకే మొదలుపెట్టాలి. గింజలు గొంతుకు అడ్డం పడతాయి గనుక మెత్తని ముద్దగానే పెట్టాలి.

అలర్జీ ఇప్పటికే వచ్చిన బిడ్డ సంగతి వేరు. ఇంట్లో కొంచెం కొంచెంగా ‘అలవాటు’ చేయబోవడం ప్రమాదం. ఆంధ్రప్రదేశ్ బడుల్లో మధ్యాహ్న భోజనంతో గుడ్డు, వేరుశనగ చిక్కీ ఇస్తున్నాం. ఎవరికి ఏది పడదో తల్లిదండ్రులు టీచరుకు ముందే చెప్పాలి. బడిలోనైనా, విందులోనైనా “కొంచెమే కదా, ఏమీ కాదు” అని బలవంతం చేయకూడదు. తిన్న కొద్దిసేపటికే ఆయాసం, గొంతు బిగుసుకోవడం, కళ్లు తిరగడం కనిపిస్తే క్షణం ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి. ఆ సమయంలో ప్రాణం నిలిపే మందు అడ్రినలిన్ ఇంజెక్షన్.