ఉప్పు మడిలో ఫోన్ ఏం చేస్తుంది?



సముద్రపు నీటిని ఎండబెడితే ఉప్పు మిగులుతుందని ఆరో తరగతి పిల్లలు సైన్స్ పరీక్షలో రెండు వాక్యాలు రాసి మార్కులు తెచ్చుకుంటారు. ఆ ఉప్పు కోసం కొన్ని కుటుంబాలు ఏడాదిలో ఏడెనిమిది నెలలు ఇల్లు వదిలి ఉంటాయని ఈ నెల వారికి చెప్పండి.

మన దేశపు ఉప్పులో నాలుగింట మూడు వంతులకు పైగా గుజరాత్‌లోనే తయారవుతుంది. అక్కడి లిటిల్ రణ్ ఆఫ్ కచ్‌లో వాననీరు తగ్గాక, అక్టోబరు ప్రాంతంలో, అగరియా కుటుంబాలు పిల్లలతో సహా ఆ బీడులోకి వెళ్తాయి. భూమిలోని ఉప్పునీటిని పంపుతో తోడి, మడుల్లో పెట్టి, వేసవి దాకా ఎండబెడతాయి. నౌపడ, చినగంజాం వైపు మన ఉప్పు మడులు చూసినవారు పనిని గుర్తుపడతారు. కాకపోతే అక్కడ తాగే నీరు కూడా ట్యాంకరులో రావాలి.

పంపు తిరగడానికి డీజిల్ కావాలి. ఖర్చులో పెద్ద భాగం అదే. ఆ డబ్బు చాలామందికి వ్యాపారి అడ్వాన్సుగా ఇస్తాడు. బదులుగా ఉప్పు ఆయనకే, ముందు ఒప్పుకున్న ధరకే ఇవ్వాలి. ఇలాంటివారికి ఫోన్‌లో మార్కెట్ ధర చూపిస్తే ఏం లాభం? చూడగలరు గానీ, ఆ ధరకు అమ్ముకోలేరు. అందుకే యాప్ కంటే ముందు సోలార్ పంపు రావాలంటాను. ఇలాబెన్ భట్ 1972లో స్థాపించిన 'సేవా' మహిళా సంఘం తన సభ్యులకు అప్పు ఏర్పాటు చేసి ఈ పంపులు పెట్టించింది. డీజిల్ తగ్గితే అడ్వాన్సు తగ్గుతుంది. అప్పుడు ఫోన్‌లో కనిపించే ధరతో బేరం ఆడవచ్చు.

వాన కబురు మాత్రం అప్పు ఉన్నా లేకపోయినా పనికొస్తుంది. అకాల వర్షం పడితే తయారైన ఉప్పు కరిగిపోతుంది. ఒక రోజు ముందు తెలిస్తే సిద్ధమైన ఉప్పును గట్టుకు లాగి, కుప్ప పోసి, టార్పాలిన్ కప్పుకోవచ్చు. కొత్త నీరు తోడకుండా ఆపవచ్చు. సిగ్నల్ అందాలి, అది వేరే మాట.

ఈ ఆదివారం మీ అబ్బాయితోనో అమ్మాయితోనో ఇది చేయించండి. లీటరు నీటిలో 35 గ్రాముల ఉప్పు, అంటే సుమారు రెండు టేబుల్ స్పూన్లు, కలపండి. సముద్రపు నీరు దాదాపు అంతే ఉప్పగా ఉంటుంది. అందులో కొంచెం వెడల్పాటి స్టీలు పళ్లెంలో పలుచగా పోసి డాబా మీద ఎండలో పెట్టండి. రోజూ పొద్దున ఫోన్‌లో వాతావరణం చూసి నోట్‌బుక్‌లో రాయమనండి, సాయంత్రం నిజంగా ఎలా ఉందో పక్కనే రాయమనండి. పళ్లెంలో గళ్లు కట్టిన రోజున గ్లాసుడు నీళ్లు పోసి చూపించండి. తర్వాత అడగండి: 'రేపు వాన అని ఈ ఉదయమే తెలిసి ఉంటే, నువ్వేం చేసేవాడివి?' జవాబు నోట్‌బుక్‌లో రాయించి సైన్స్ టీచర్‌కు పంపండి.