ఆకు దట్టముగానుండి పూయని గులాబి

గులాబి మొక్క నడుమెత్తు పెరిగి, ఆకు నిగనిగలాడుచున్నను పూవు రాకున్నచో చాలమంది మరికొంత యూరియా వేయుదురు. ఇది వృథా ఖర్చు. ఆకలిగొన్న మొక్కకు ఆకు పాలిపోయి, కొమ్మ సన్నబడును. నిండుగా ఆకు వేసిన మొక్కకు తిండి తక్కువ లేదు. తిన్నది ఎక్కడికి పోవుచున్నదో చూడవలెను.

ముందుగా మొదలు పరీక్షించుడు. నర్సరీలో కొన్న గులాబి సాధారణముగా అంటు మొక్క. గట్టి వేరుగల నాటు గులాబిపై మంచి రకపు కన్ను తెచ్చి అంటు కట్టుదురు. మొదట ఉబ్బుగా కనిపించు ముడియే ఆ అంటు. దానికి క్రిందనుండి లేచిన పిలకలన్నియు నాటు గులాబివే. అవి నిటారుగా, మంచి బలముతో పెరుగును గనుక చూచినవారు సంతోషింతురు. వానిని ఉంచినచో క్రమముగా పై కొమ్మలు క్షీణించి, మీరు డబ్బు పెట్టి కొన్న రకము పోయి, నాటుది మిగులును. ఈనెకు ఏడు ఆకులున్నచో నాటుదనియు, ఐదున్నచో మంచిదనియు కొందరు చెప్పుదురు. దీనిని నమ్మి కొమ్మలు కోయకుడు. మంచి రకములలోను ఏడాకులు రావచ్చును. మన్ను తీసి, పిలక ఎచ్చట పుట్టినదో కంటితో చూడవలెను. నేలమట్టమునకు కోసినచో మరల పిలకలు వేయును. పుట్టిన చోటనే పట్టి, క్రిందికి లాగి పెరికివేయవలెను. అంటుకు పైన కొమ్మ ఏదియు మిగలనిచో మొక్కను తీసివేసి క్రొత్తది నాటుటయే మేలు.

పిలకలు లేనిచో ఎండ సంగతి చూడుడు. గులాబికి రోజుకు ఆరు గంటలైనను నేరుగా ఎండ తగులవలెను. మామిడి నీడనున్న గులాబిని ఏ ఎరువును పూయించజాలదు.

ఎండ బాగుగానున్నచో యూరియా ఆపుడు. అందు నూటికి 46 పాళ్లు నత్రజని. అది మితిమీరినచో ఆకు, కొమ్మ పెరుగును, పూత వెనుకబడును. కత్తిరింపు సమయమున బాగుగా చివికిన పశువుల ఎరువు, కొద్దిగా పొటాషు ఎరువు వేసిన చాలును.

ఇక కత్తిరింపు. పచ్చని కొమ్మను కోయుటకు మనవారికి చేతులు రావు. కాని తోటలలో పెంచు రకములు క్రొత్త చిగురు చివరనే పూయును. కోయని చెట్టులో కొమ్మలు ఒకదానికొకటి వెలుతురు తగులనీయక, మొగ్గలేని సన్నని రెమ్మలనే వేయును. వానలు వెనుకబట్టిన తరువాత, అక్టోబరులో, ఎండినవి, తెగులు పట్టినవి, చెట్టు లోపలికి పెరిగినవి మొదటికి తీసివేయుడు. బలమైన నాలుగైదు కొమ్మలను జానెడునుండి మూరెడు ఎత్తుకు కోయుడు. బయటివైపు చూచుచున్న కన్నుకు కొంచెము పైన, వాలుగా, పదునైన కత్తెరతో కోయవలెను. కోసిన చోట కాపర్ ఆక్సీక్లోరైడును ముద్దగా కలిపి పూయుడు. లేనిచో కొమ్మ పైనుండి క్రిందికి ఎండుకొని వచ్చును. మధ్యకాలములో మొగ్గలేని రెమ్మ కనిపించినచో సగమునకు కోయుడు. వాడిన పూలను చెట్టుననే ఉంచకుడు.

తీగ గులాబికి ఈ కోత పనికిరాదు. దాని పొడవైన కొమ్మలను వంచి, పందిరికి అడ్డముగా కట్టినచో కణుపు కణుపునకు రెమ్మ వేసి పూయును.

కత్తిరించిన ఆరేడు వారములకు పూత వచ్చును. సంక్రాంతికి పూలు కావలసినవారు నవంబరు చివరి వారములో కోయవలెను. గుడిమల్కాపూరు వంటి మార్కెట్టుకు పూలు పంపువారు తోటనంతయు ఒకేసారి కోయరాదు. పూలన్నియు ఒకే వారమున విచ్చినచో వచ్చిన ధరకు ఇచ్చుకొనవలసి వచ్చును. తోటను మూడు భాగములు చేసి, పది దినముల ఎడముతో కోయుడు.